కాసు కరిగింది, మాట మిగిలింది

కొత్త విద్యార్థులు చేరిన తొలి వారంలో వారిని ఒక చిన్న ప్రశ్న అడగడం మాకు చాలాకాలంగా అలవాటు: "మీ ఇంట్లో పెద్దవాళ్లు డబ్బును ఏమంటారు?" హోసూరు నుంచి, బళ్లారి నుంచి వచ్చినవారు 'దుడ్డు' అంటారు. కోయంబత్తూరు వైపు పల్లెల నుంచి వచ్చినవారిలో కొందరు 'రూకలు' అంటారు. షోలాపూరు చేనేత కుటుంబాల పిల్లలు 'పైసలు' అంటారు. యానాం వారు, బరంపురం వారు 'డబ్బులు' అంటారు. తరువాత ఒకరి మాటకు ఒకరు నవ్వుకుంటారు. 'దుడ్డు' కన్నడమనీ, 'పైసలు' మరాఠీ అనీ, తమ ఇంటి తెలుగు చెడిపోయిందనీ కొందరు చిన్నబుచ్చుకుంటారు కూడా.

అలా చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఇవన్నీ ఒకప్పుడు చేతులు మారిన నాణేల పేర్లు. ఏ నాణెం ఏ ప్రాంతపు సంతలో ఎక్కువగా చెలామణి అయిందో, ఆ నాణెం పేరే అక్కడ మొత్తం ధనానికి పేరైంది. నాణేలు మాత్రం చాలావరకు మిగలలేదు. కొన్ని నేలలో కలిశాయి, కొన్ని మూసలో కరిగి నగలయ్యాయి, ఆ నగలు కరువుల్లో అమ్ముడుపోయాయి. మిగిలిన కొద్దిపాటి నాణేలు ప్రదర్శనశాలల్లోనే కాదు, మన ఇళ్లలోని నగల పెట్టెల్లో కూడా ఉన్నాయి. అవి అక్కడికి ఎలా చేరాయి, మనవాళ్లు బంగారాన్ని, వెండిని ఎందుకు అంతగా నమ్ముకున్నారు, మిగిలినవాటిని మనం ఏం చేయాలి అన్నవి ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయాలు.

మాటల్లో దాగిన నాణేలు

ముందుగా మాటలను చూద్దాం. 'వరహా' అన్న పేరు చాళుక్యుల వరాహ లాంఛనం నుంచి వచ్చింది. ఆ వంశాలు పోయి, నాణెం మీద పంది బొమ్మ పోయి, దాని స్థానంలో దేవతామూర్తులు వచ్చినా పేరు మారలేదు. శ్రీకృష్ణదేవరాయల వరహాల మీద బాలకృష్ణుని రూపం, నాగరి లిపిలో రాజు పేరు ఉంటాయి. అయినా జనానికి అది వరహాయే. దాని బరువు సుమారు 3.4 గ్రాములు. అందులో సగం 'మాడ'.

ఈ వరహానే పారసీక రచయితలు, దక్కను సుల్తానుల అధికారులు 'హూను' అన్నారు. ఇది పారసీక పదం కాదు. బంగారానికి ద్రావిడ భాషల్లో పాత మాట 'పొన్'. తమిళంలో అదే రూపం నిలిచింది. పాత తెలుగులో అది 'పొన్ను'. కన్నడంలో పదాది పకారం హకారంగా మారింది కనుక 'హొన్ను' అయింది. మన 'పాలు' వారికి 'హాలు', మన 'పువ్వు' వారికి 'హూవు' అయినట్లే ఇదీ. ఆ కన్నడ హొన్నే పారసీకంలో హూనుగా, మరాఠీలో 'హొన్'గా చేరింది. శివాజీ 1674లో పట్టాభిషిక్తుడై వేయించిన బంగారు నాణేనికి శివరాయి హొన్ అని పేరు. అంటే మహారాష్ట్ర విద్యార్థి బడి పుస్తకంలో చదివే ఆ మాట, తమిళనాడు విద్యార్థి ఇంట్లో బంగారానికి వినే మాట ఒకే వేరు నుంచి పుట్టినవి.

'పణం' కథ కూడా ఇటువంటిదే. చిన్న బంగారు నాణెం పేరు తమిళంలో ధనానికంతటికీ పేరైంది. కన్నడంలో అదే పకార హకార మార్పుతో 'హణ' అయింది. మైసూరు పాలకుడు కంఠీరవ నరసరాజ ఒడెయరు 17వ శతాబ్దంలో వేయించిన కంఠీరవ హణాలు గోరంత ఉంటాయి, వాటి మీద నరసింహుని రూపం ఉంటుంది. కళింగంలో తూర్పు గాంగుల పణాలు కూడా అంత చిన్నవే. ఒకవైపు పడుకున్న నంది, మరొకవైపు ఏలుబడి సంవత్సరపు అంకె. అవి శ్రీకాకుళం నుంచి గంజాం దాకా ఒకే నేలలో దొరికేవి. ఈనాటి రాష్ట్రాల సరిహద్దు ఆ నాణేలకు తెలియదు. ఒడియాలో ధనానికి 'టంకా' అంటారు. మనకు ఆ నాణెం పేరుగా వాడుకలో లేదుగాని, నాణేలు ముద్రించే చోటును ఇప్పటికీ 'టంకశాల' అంటున్నాం.

ఇంకా దూరం నుంచి వచ్చిన మాటలూ ఉన్నాయి. ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథునికి కనకాభిషేకం జరిగిందని చెప్పే సాహిత్య సంప్రదాయంలో దీనారాల ప్రసక్తి వస్తుంది. ఈ దీనారం రోమనుల 'దెనారియస్'. రోములో అది వెండి నాణెం. సంస్కృతంలోకి వచ్చి బంగారు నాణేనికి పేరైంది. గ్రీకుల 'ద్రఖ్మ' ప్రాకృతంలో 'ద్రమ్మ', హిందీలో 'దామ్' అయి, దాని పిల్ల అయిన 'దమ్‌డీ' మన 'దమ్మిడీ' అయింది. మన వైపు నుంచి వెళ్లిన మాట కూడా ఒకటుంది. ద్రావిడ 'కాసు'ను పోర్చుగీసువారు పట్టుకెళ్లగా అది ఆంగ్లంలో 'క్యాష్' అయింది. రొక్కానికి వాడే 'క్యాష్' అక్కడ వేరే పుట్టుక గలది. కాని దక్షిణాది చిల్లర నాణేనికి తెల్లవారు పెట్టిన ఆ పేరు మాత్రం మన కాసే.

ముద్ర, బరువు

ప్రతి నాణేనికీ రెండు విలువలుంటాయి. ఒకటి దాని ముద్ర, రెండవది దాని బరువు. ముద్ర రాజుది, రాజు పోతే అదీ పోతుంది. బరువు లోహానిది, ఏ రాజు వచ్చినా అది నిలుస్తుంది. నాణేలు సేకరించేవాడు ముద్రను చూస్తాడు, సొమ్ము దాచుకునేవాడు బరువును చూస్తాడు. ఈ రెండు చూపుల మధ్య జరిగిన పెనుగులాటే మన నాణేల చరిత్ర అని చెప్పవచ్చు.

ముద్ర ఎంత విలువైనదో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో బయటపడిన నిధి చెబుతుంది. అందులో 13,000కు పైగా వెండి నాణేలున్నాయి. అవన్నీ క్షహరాత రాజు నహపానునివి. వాటిలో దాదాపు 9,000 నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నాలను తిరిగి కొట్టించాడు. శత్రువు ముఖం మీద తన ముద్ర వేసి, అదే వెండిని అదే బజారులో తిప్పాడు. నహపానునిపై శాతకర్ణి గెలుపునకు ఇంతకన్న సూటి సాక్ష్యం లేదు. ఆ నిధిని దొరికినవాడు కరిగించి ఉంటే మనకు మిగిలేది కొన్ని వీశెల వెండి మాత్రమే.

భాషాశాస్త్ర విద్యార్థులకు ఇంకా ముఖ్యమైనవి శాతవాహనుల వెండి ప్రతిమా నాణేలు. రాజు తల ఉన్న వైపు ప్రాకృతంలో అక్షరాలుంటాయి. రెండోవైపు అదే విషయం ఒక ద్రావిడ భాషలో ఉంటుంది. అందులో 'కు' ప్రత్యయం, కొడుకు అనే అర్థంలో 'మకన్' వంటి రూపం కనిపిస్తాయి. అది తమిళమని కొందరు పండితులు, తెలుగుకు దగ్గరైన దేశభాష అని మరికొందరు వాదించారు. ఆ వాదంలోకి ఇక్కడ పోము. రెండు భాషల మధ్య బతకడం మీరు మొదలుపెట్టింది కాదని మాత్రం గుర్తు చేస్తాము. ఒకే నాణెం మీద రెండు భాషలు దాదాపు 1,900 ఏళ్ల కిందటే కలిసి కూర్చున్నాయి.

బరువు వైపు చూసేవారి సాక్ష్యం కూడా అంత పాతదే. రోమను బంగారం, వెండి ఏటా భారతదేశానికి తరలిపోతున్నాయని ప్లినీ మొదటి శతాబ్దంలోనే వాపోయాడు. ఆయన చెప్పిన లెక్క సాలుకు 5 కోట్ల సెస్టర్సులు. కృష్ణా లోయలో, నల్లగొండ ప్రాంతంలో, తమిళ దేశంలో దొరికిన రోమను నాణేలు ఆ మాటకు రుజువులు. దక్షిణాదిలో దొరికిన రోమను బంగారు నాణేల్లో కొన్నింటికి చక్రవర్తి తల పైభాగాన రెండేసి చిల్లులు ఉన్నాయి. దారానికి గుచ్చి మెడలో వేసుకున్నప్పుడు బొమ్మ నిటారుగా కనిపించేటట్లు ఆ చిల్లులు పొడిచారు. కాసులపేరు ఆలోచన అంత పాతది. నాణెం చేతికి అందగానే దాన్ని నగగా మార్చుకుని, అవసరానికి దాచుకోవడం మన ఆడవాళ్లు ఎవరి దగ్గరా నేర్చుకోనక్కరలేకపోయింది.

తరువాతి కాలంలో వెనీసు బంగారు నాణేలు వచ్చాయి. సుమారు 3.5 గ్రాముల దాదాపు శుద్ధమైన బంగారం కనుక వాటి మీద నమ్మకం ఎక్కువ. వాటి మీద వెనీసు పాలకుడు ఒక సాధువు ముందు మోకరిల్లి, జెండా కర్ర పట్టుకుని ఉంటాడు. తమిళ దేశంలో జనం ఆ కర్రను తాటిచెట్టు అనుకుని, దాన్ని ఎక్కబోతున్న మనిషిగా ఆ బొమ్మను అర్థం చేసుకున్నారు. మహారాష్ట్రలో అది 'పుతళీ' అయింది. పుతళీ అంటే బొమ్మ. అక్కడి పుతళీ హారం, తమిళుల కాసుమాలై, కన్నడిగుల కాసిన సర, మన కాసులపేరు అన్నీ అక్కచెల్లెళ్లు.

మన నాణేలు బయటికి వెళ్లిన సందర్భాలూ లేకపోలేదు. వేంగి చాళుక్యుల్లో శక్తివర్మ, రాజరాజనరేంద్రుడు 11వ శతాబ్దంలో వేయించిన పలుచని వెడల్పాటి బంగారు నాణేలు బర్మాలోని అరకాను తీరాన దొరికాయి. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకుల సరుకుల మీద సుంకాలను గద్యాణాల్లో, పణాల్లో నిర్ణయించింది. 1443లో విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాక్ అక్కడి నాణేల పట్టిక ఇచ్చాడు. వరహాలో సగం పర్తాబు, అందులో పదోవంతు పణం, పణంలో ఆరోవంతు వెండి తార, దానిలో మూడోవంతు రాగి జీతలు. రాజు బొక్కసంలో గోతుల నిండా కరిగించి పోసిన బంగారం ఉందని, బజారులో పనిచేసుకునేవారితో సహా అందరూ చెవులకు, మెడకు, చేతులకు నగలు పెట్టుకున్నారని కూడా రాశాడు. పైవాడు గోతిలో దాచాడు, కిందివాడు ఒంటి మీద దాచుకున్నాడు. ఇద్దరిదీ ఒకే లెక్క.

డబ్బు లెక్క

కంపెనీ కాలానికి వచ్చేసరికి మద్రాసు రాజధానిలో చెలామణి లెక్క ఇది: 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక పూవరహా. అంటే వరహాకు 3,360 కాసులు. పది కాసుల రాగి నాణెం దుడ్డు, ఇరవై కాసులది డబ్బు. వరహాకు మూడున్నర రూపాయలు. కనుక రూపాయికి 960 కాసులు, అంటే 48 డబ్బులు. ఉత్తర సర్కారుల కోసం కంపెనీ 1794లో, 1797లో ఇంగ్లండులో ఆవిరి యంత్రం మీద కొట్టించి తెచ్చిన రాగి నాణేల మీద రూపాయికి 48 అని ఆంగ్లంలో ఉండేది అందుకే. గంజాం నుంచి గుంటూరు దాకా చేతులు మారినది ఆ నాణెమే. తీరాంధ్రంలో ధనానికి 'డబ్బు' అన్న మాట, రాయలసీమలోను కన్నడ దేశంలోను 'దుడ్డు' అన్న మాట స్థిరపడటానికి వెనుక ఈ రాగి చిల్లర ఉంది. సామాన్యుని చేతికి వరహా అందేది తక్కువ. అతను రోజూ చూసిన నాణెమే అతని భాషలో ధనానికి పేరైంది. పాండిచేరిలో ఫ్రెంచివారు కొట్టించిన రాగి నాణేనికి వారి పుస్తకాల్లో 'దూదూ' అని పేరు. అది మన దుడ్డే, ఫ్రెంచి నోట పడి అలా అయింది. యానాం విద్యార్థులు గమనించదగ్గ విషయమిది.

మద్రాసు టంకశాల 19వ శతాబ్దపు మొదటి దశకంలో కొట్టిన వెండి వరహాల మీద ఒకవైపు గుడి గోపురం, మరొకవైపు విష్ణుమూర్తి ఉంటాయి. చుట్టూ ఆంగ్లం, పారసీకం, తమిళం, తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. తెలుగు ప్రభువుల వరహాల మీద నాగరి లిపి, తెల్లవారి వరహాల మీద తెలుగు లిపి! రాజుకు ముద్ర కీర్తికి సంబంధించినది. వర్తకునికి అది కొనేవాడికి అర్థం కావలసిన చీటీ. తేడా అక్కడుంది.

ఆ కాలపు నాణేలకు సంబంధించిన ఒక ఉదంతం సేకర్తలందరికీ తెలుసు. 1808 సంవత్సరపు పది కాసుల, ఇరవై కాసుల రాగి నాణేలతో మన దేశానికి బయలుదేరిన 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుక మేటల్లో మునిగిపోయింది. 1980లలో ఈతగాళ్లు వాటిని లక్షల్లో పైకి తీశారు. ఆ దుడ్లు, డబ్బులు మద్రాసు చేరలేదు, ఒక్క గిద్దెడు బియ్యం కొనలేదు. కాని ఇవాళ ప్రపంచమంతటా సేకర్తలు వాటిని కొనుక్కుంటున్నారు. చెలామణిలో అరిగిన డబ్బు కరిగిపోయింది, చెలామణి కాని డబ్బు మిగిలింది.

1818లో మద్రాసు వరహా లెక్క మానేసి రూపాయి లెక్కకు మారింది. 1835 చట్టంతో కంపెనీ ప్రాంతాలన్నింటికీ 180 గ్రెయిన్ల బరువున్న ఒకే రూపాయి వచ్చింది. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. ఆ 180 గ్రెయిన్లే ఒక తులం, అంటే సుమారు 11.66 గ్రాములు. రూపాయి నాణెమే తూనికరాయి అయింది. హైదరాబాదు రాజ్యంలో మాత్రం నిజాం హాలీ సిక్కా వేరుగా నడిచింది. బ్రిటిషు రూపాయిని అక్కడ 'కల్దార్' అన్నారు, అంటే యంత్రం మీద చేసినది. సుమారుగా ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు. మరాఠ్వాడా, తెలంగాణ, కల్యాణ కర్ణాటక ప్రాంతాల పెద్దల నోట ఈ రెండు మాటలూ ఇటీవలి వరకు వినిపించాయి.

నగ అంటే నిల్వ

మనవాళ్లు బంగారం, వెండి ఒంటి మీద దాచుకోవడాన్ని ఆడంబరమని, పనికిరాని పెట్టుబడి అని నిందించినవారు చాలామంది. నిందించేముందు 1876-78 కరువును గుర్తుచేసుకోవాలి. మనవాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు. రాయలసీమ, బళ్లారి, మైసూరు, తమిళ జిల్లాలు ఎండిపోయాయి. చనిపోయినవారు 50 లక్షలకు పైగా ఉంటారని అంచనాలు. అప్పుడు పల్లె ఇళ్లలో ఉన్న బ్యాంకు అంతా కాళ్ల కడియాలు, మురుగులు, మొలతాళ్లు. అవి గింజల కోసం అమ్ముడుపోయి, బొంబాయి టంకశాలకు చేరి రూపాయలయ్యాయి. ఆ రోజుల్లో ఎవరైనా వెండి తీసుకువెళ్లి స్వల్ప రుసుము చెల్లిస్తే టంకశాల రూపాయలు కొట్టి ఇచ్చేది. కాబట్టి కడియంలోని వెండికీ రూపాయిలోని వెండికీ విలువలో భేదం లేదు. నగ అంటే ఇంకా ముద్ర పడని నాణెం.

ఆ సమానత్వం 1893 జూన్‌లో పోయింది. ప్రపంచంలో వెండి ధర పడిపోవడంతో రూపాయి మారకం సుమారు రెండు షిల్లింగుల నుంచి 1 షిల్లింగు 3 పెన్నీల దాకా దిగింది. లండనుకు చెల్లింపులు చేయవలసిన ప్రభుత్వం ఇబ్బందిలో పడి, ప్రజల వెండికి టంకశాల తలుపులు మూసింది. ఆ తరువాత రూపాయి విలువ నిలబడింది, వెండి విలువ ఇంకా దిగింది. 1896-97లో మళ్లీ కరువు వచ్చినప్పుడు కడియాలు అమ్మినవారికి వెనుకటి మాదిరిగా తూకానికి తూకం రూపాయలు రాలేదు. ఒక్క చట్టంతో పేదవాని నిల్వ విలువ తగ్గింది. విలువైన లోహమంటే ఎప్పటికీ తరగని విలువ అనుకునేవారు ఈ ఘట్టాన్ని చదవాలి. లోహం మారకపోవచ్చు, దానికి విలువ కట్టే ఏర్పాటు మారుతుంది.

1899లో బ్రిటిషు సవరను 15 రూపాయల లెక్కన చెల్లుబడి నాణెమైంది. దాని బరువు 7.988 గ్రాములు, అది 22 క్యారట్లది. మనవాళ్లు దాన్ని చెలామణిలో ఎక్కువ రోజులు ఉంచలేదు. కొక్కెం పోసి మెడలో వేసుకున్నారు. తీరాంధ్రంలో 'కాసు బంగారం' అంటే ఇవాళ్టికీ 8 గ్రాములే. రాయలసీమలో సవర, తమిళనాడులో సవరన్ లేదా పవున్ అన్నా అదే తూకం. తెలంగాణలో తులం అంటారు. పాత తులం రూపాయి బరువు, ఇప్పటి బజారు తులం పది గ్రాములకు సరిచేసినది. కాబట్టి బంగారం కొట్లో మీరు అడిగే మాటను బట్టి మీ తాతలు లండను బంగారు నాణేన్ని కొలతగా తీసుకున్నారో, కలకత్తా వెండి నాణేన్ని తీసుకున్నారో చెప్పవచ్చు.

యుద్ధ కాలంలో ఓడలు నడవక, 1918లో బొంబాయిలోనే సవరనులు కొట్టారు. ఆ ఒక్క సంవత్సరమే దాదాపు 13 లక్షలు తయారయ్యాయి. వాటి మీద 'ఐ' అనే ఆంగ్లాక్షరం చిన్నదిగా ఉంటుంది. మీ ఇంటి కాసులపేరులో ఐదవ జార్జి తల ఉన్న కాసు ఉంటే, వెనుక గుర్రం కింద ఆ అక్షరం ఉందేమో చూడండి.

1931 సెప్టెంబరులో బ్రిటను బంగారు ప్రమాణం విడిచిపెట్టింది. బంగారం ధర పెరిగింది. అదే సమయంలో ఆర్థిక మాంద్యం వల్ల పంటల ధరలు కూలిపోయాయి. శిస్తు కట్టలేని, అప్పు తీర్చలేని రైతులు బంగారం అమ్ముకున్నారు. తరువాతి కొన్నేళ్లలో వందల కోట్ల రూపాయల బంగారం ఓడలెక్కి దేశం దాటింది. దాన్ని 'కష్టకాలపు బంగారం' అని ఆనాడే పిలిచారు. ఎన్ని వరహాలు, మాడలు, పుతళీలు ఆ మూటల్లో కడ్డీలైపోయాయో లెక్కకట్టే దారి లేదు. 1940లో రూపాయిలో వెండి సగానికి తగ్గింది, 1947లో పూర్తిగా పోయింది.

స్వతంత్ర భారతంలో 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చాయి. కొత్త నగలు 14 క్యారట్లకు మించరాదన్నారు. కంసాలుల కుటుంబాలు ఎన్నో వృత్తి కోల్పోయాయి. 1968లో వచ్చిన నియంత్రణ చట్టం 1990లో రద్దయింది. 2007 నుంచి షేర్ల బజారులో బంగారు నిధుల యూనిట్లు కొనవచ్చు. 2015 నవంబరులో ప్రభుత్వం బంగారు బాండ్లను, అశోక చక్రం ముద్ర గల బంగారు నాణేలను ప్రవేశపెట్టింది. ఆ బాండ్ల చివరి విడుదల 2024 ఫిబ్రవరిలో జరిగింది. 2021 జూన్ నుంచి దశలవారీగా నగల మీద హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి అయింది. ముద్రను, బరువును కలిపి నమ్మకం కలిగించడమే దాని పని. వెనుక ఆ పని షరాబు చేసేవాడు, గీటురాయి మీద ఒక గీత గీసి వన్నె చెప్పేవాడు.

మిగిలినవాటి సంగతి

నాణేల సేకరణ మొదలుపెట్టదలచిన విద్యార్థులకు మేము చెప్పేది తక్కువ. మొదట జేబులో చూసుకోండి. సంవత్సరం కింద ఐదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలది. వజ్రం గుర్తు ముంబయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేనిది కోల్‌కతాది. ఖర్చు లేని సేకరణ ఇది. తరువాత ఇంట్లో చూడండి. పాత రాగి నాణేన్ని చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుందిగాని, అక్షరాల అంచులు పోతాయి, వాటితో విలువ పోతుంది.

సేకరణను పెట్టుబడిగా చూసేవారు ఒక భేదం గుర్తుంచుకోవాలి. బంగారం ధర బరువును బట్టి ప్రతిరోజూ తెలుస్తుంది. పాత నాణెం ధర దాని స్థితిని, అరుదుదనాన్ని, కొనేవాని ఆసక్తిని బట్టి ఉంటుంది. కొనేవాడు లేనినాడు దానికి ధర లేదు. నగలో మజూరీ, తరుగు తిరిగి రావు. ఇక సంతల్లో, బస్టాండుల దగ్గర 1616, 1717, 1818 వంటి సంవత్సరాలు, కంపెనీ పేరు, రాముడు, హనుమంతుడు బొమ్మలతో 'అణా'లు అమ్ముతుంటారు. అవి చెలామణిలో ఎన్నడూ లేనివి. రామటంకాలు అని మనం పూజలో పెట్టుకునేవి కూడా చెలామణి నాణేలు కావు; భక్తితో దాచుకోవచ్చు, చరిత్ర అని కొనరాదు.

నేలలో దొరికిన నిధి సంగతి వేరు. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహపు విలువకు అందులో ఐదోవంతు కలిపి చెల్లించాలని ఆ చట్టం అంటుంది. చరిత్ర విలువ ఐదోవంతు అన్నమాట. ఆ ఐదోవంతు చాలదనిపించిన ప్రతిసారీ ఎక్కడో ఒక మూస వెలుగుతుంది. కరీంనగర్ ప్రాంతపు కోటిలింగాలలో దొరికిన చిన్న నాణేల వల్లనే శాతవాహనుల తొలి రాజు శిముకుని పేరు, వారికి ముందరి రాజుల పేర్లు మనకు స్పష్టమయ్యాయి. సీసం, రాగి, పోటిను నాణేలు కనుక వాటిని ఎవరూ కరిగించలేదు. అవే బంగారమై ఉంటే మనకు ఆ పేర్లు దక్కేవి కావేమో.

అందుకే మీకు ఒక పని అప్పగిస్తున్నాము. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి ఆ కాసులపేరు ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. ప్రతి కాసును రెండువైపులా ఫొటో తీయండి. బరువు, సంవత్సరం, అక్షరాలు రాసుకోండి. ఆమె ఆ కాసును ఏమని పిలిచిందో, ఎవరు ఎప్పుడు ఇచ్చారని చెప్పిందో, ఆమె మాటల్లోనే రాసుకోండి. ఏ అవసరానికి ఎన్ని కాసులు పోయాయో కూడా అడగండి. పేరులో ఖాళీలు కూడా చరిత్రే. ఆ తరువాత మీ కుటుంబం దాన్ని ఉంచుకున్నా, కొత్త నగ చేయించుకున్నా అది మీ ఇష్టం. నగ ఉన్నది అవసరానికే. కాని కరిగించేముందు రాసుకోవడానికి ఒక పూట చాలు.

'నాణెం' అన్న మాట సంస్కృత 'నాణకం' నుంచి వచ్చింది. మరాఠీలో అది 'నాణే'. తమిళంలో 'నాణయం' అంటే నాణెమే కాదు, నిజాయితీ కూడా. తెలుగులో 'నాణ్యం' అంటే మేలైన గుణం. ఒకే లోహపు బిళ్ల ఒక భాషకు నిజాయితీని, మరొక భాషకు నాణ్యతను ఇచ్చింది. రెండు భాషలూ తెలిసిన మీకే ఆ రెండు ముఖాలూ ఒకేసారి కనిపిస్తాయి. ఇక మీదట మీ ఇంట్లో 'దుడ్డు' అన్నారని, 'రూకలు' అన్నారని చిన్నబుచ్చుకోకండి. ఆ మాటల వెనుక నాణేలు లేకపోవచ్చు. వాటి బరువు మాత్రం ఇంకా మాటల్లోనే ఉంది.